కెప్టెన్‌కు అరువిచ్చిన పోట్లాటలు

కట్టుకున్న ఇల్లాలిని పరాయి మగాడు కౌగిలించుకుంటుంటే ఆ కౌగిలింత చప్పుడు దగ్గరుండి తానే చేయవలసిన ఖర్మ ఈ భూమండలం మీద ఒక్కడికే పట్టింది. ఆయన్ని రేడియో స్టేషన్‌లో అందరూ చప్పుళ్ళాయన అంటారు.

నాటకాలకు కావలసిన చప్పుళ్ళన్నీ ఆయన చేతుల్లోంచే పుట్టేవి. ఒక పాత రేకు, ఒక కంకర తట్టె, గోడ లేకుండా నిలబడ్డ ఒక తలుపు, సైకిలు పంపు, నీళ్ళ తొట్టి, ఇదీ ఆయన సామ్రాజ్యం. ఆయన కురిపించిన వానకు మూడు వీధుల అవతల ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆరేసిన బట్టలు తీసేశారట. ఆయన తలుపు కిర్రుమనిపిస్తే ఇంట్లో రేడియో వింటున్న ఒక పెద్దమనిషి లేచి వెళ్ళి సొంత తలుపు బందులకు నూనె పోసి వచ్చాడట. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో ఆయనకే గుర్తులేదు.

ఇంతటివాడికి చెడ్డకాలం ‘తొమ్మిదో చంద్రుడు’ రూపంలో దాపురించింది. అది అంతరిక్షంలో జరిగే ధారావాహిక నాటకం. ఒక కెప్టెన్, ఆయన ఓడలో ఒక ఆడ మెకానిక్కు, వాళ్ళిద్దరూ తోకచుక్కల మధ్య తప్పిపోవడం, ప్రేమలో పడడం. ఏడాదిపాటు ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదింటికి వచ్చింది. ఆ తొమ్మిదింటికి కుట్టుమిషన్లు ఆగిపోయేవి, మంగలి చేతిలో కత్తి గాల్లోనే నిలిచిపోయేది, సగం గీసిన గడ్డాలతో జనం రేడియో చుట్టూ మూగేవారు.

మెకానిక్కుకు గొంతు ఇచ్చింది చప్పుళ్ళాయన భార్య. అంతకుముందు పదకొండేళ్ళు ఆవిడ ఆ స్టేషన్‌లో రైళ్ళ వేళలు చదివింది, తప్పిపోయినవారి గుర్తులు చదివింది, నాటకాల్లో ‘గుంపులో మూడో స్త్రీ’గా “అయ్యో!” అంది. ఇప్పుడు కూరగాయల అంగడిలో నోరు విప్పితే చాలు, పక్కవాళ్ళు సంచీలు వదిలేసి “మెకానిక్కు!” అంటున్నారు.

కెప్టెన్‌కు గొంతు ఇచ్చినవాణ్ణి అందరూ నగారా అనేవారు. మనిషిని చూస్తే కర్రల అడితీలో తూకం గుమాస్తా. గుప్పెడు ఒళ్ళు, మెడకు మఫ్లరు, చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, నోరు తెరిస్తే మాత్రం నూతిలోంచి మేఘం ఉరిమినట్టుండేది. చప్పుళ్ళాయనను ‘అన్నగారూ’ అనీ, ఆయన భార్యను ‘వదినగారూ’ అనీ పిలిచేవాడు. ఎంత మర్యాదగా పిలిస్తే చప్పుళ్ళాయనకు అంత మండేది. మర్యాదస్తుణ్ణి తిట్టడానికి సందు దొరకదు మరి.

స్టేషన్‌లో రికార్డింగుకు ఉన్నది ఒకే గది. ఒక మైకు దగ్గర వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. నాలుగడుగుల దూరంలో రెండో మైకు దగ్గర చప్పుళ్ళాయన. “నువ్వు లేని ఆకాశం నాకు బోర్లించిన గిన్నె” అని ఆవిడ నగారా కళ్ళలోకి చూసి అంటుంది. నగారా “రా, ఇలా దగ్గరికి రా” అంటాడు. అప్పుడు చప్పుళ్ళాయన ఒక పాత రైన్‌కోటును రెండు చేతులా గుండెకు హత్తుకుని నాలుగు సెకన్లు నలపాలి. వినేవాళ్ళకు అది అంతరిక్షపు దుస్తుల్లో ఉన్న ఇద్దరు ప్రేమికుల కౌగిలింత. ఆయన తన స్క్రిప్టులో ఆ మాట ఏనాడూ రాసుకోలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ‘రైన్‌కోటు, నాలుగు’ అనే రాసుకునేవాడు.

పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ ఆయనతో “బల్బు మార్చారా?”, “గొళ్ళెం పెట్టారా?”, “మళ్ళీ కుళాయి సగమే కట్టారా?” తప్ప ఆకాశం గురించి మాట్లాడిన పాపాన పోలేదు. ఆయన మాత్రం ఏం తక్కువ తిన్నాడు? దేనికైనా “ఊఁ” అనేవాడు. అయినా కడుపులో మంటకు లెక్కలుండవు కదా.

మొదటి భాగం ముగిసింది. కెప్టెన్, మెకానిక్కు ఒకే కిటికీ దగ్గర నిలబడి ఉదయిస్తున్న తొమ్మిదో చంద్రుణ్ణి చూశారు. రైన్‌కోటు ఈసారి పదకొండు సెకన్లు నలిగింది. వారం తిరక్కుండానే మేనేజరు రెండో భాగం ప్రకటించి, దాంతోపాటు ఒక పుల్ల కూడా పెట్టాడు: ‘వీళ్ళ ప్రేమ రెండో భాగంలోనూ సాగాలా? శ్రోతలు ఉత్తరాలు రాయండి.’

ఆ ఆలోచన నిజానికి రచయిత్రిది. ఆవిడ ముప్పై నాలుగేళ్ళు పళ్ళు పీకిన డాక్టరమ్మ. పెళ్ళి చేసుకోలేదు. కుర్చీలో నోరు తెరుచుకు పడుకున్నవాడికి మత్తు ఎక్కేదాకా ఊరుకోలేక, కాగితం తీసి గ్రహాల కథలు రాయడం మొదలుపెట్టింది. “పన్ను కదిలిందో లేదో ముట్టుకుని చూడకుండా పట్టకారు పెట్టను. జనం నోరు తెరవనీ, చూద్దాం” అంది.

ఇంట్లో చప్పుళ్ళాయన భార్య మర్నాటినుంచే గొంతుకు వేణ్ణీళ్ళు మొదలుపెట్టింది.

“ప్రేమ ఉంటేనే నేనుంటానండీ. లేకపోతే ఆ ఓడలో మెకానిక్కుకు ఏం పని? స్పానర్లు అందించడమే” అంది.

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“అంటే... జనం ఇష్టం. మనదేముంది.”

జనం ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. అందుకని తానే జనమయ్యాడు. ఆవిడ మధ్యాహ్నాలు చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడల్లా తలుపేసుకుని ఉత్తరాలు రాశాడు. ఎడమ చేత్తో రాశాడు, కోడికాళ్ళ రాతతో రాశాడు, ఆకుపచ్చ సిరాతో రాశాడు. ఒక దాంట్లో రిటైరైన జడ్జీ, ఇంకో దాంట్లో లారీ డ్రైవరు, మరో దాంట్లో ఆరుగురు పిల్లల తల్లి. ‘అంతరిక్షానికి వెళ్ళింది గ్రహాలు చూడ్డానికా, ముఖాలు చూసుకోడానికా?’ అన్నాడు జడ్జీ. ‘కెప్టెన్ గొంతు వింటే మా చంటివాడు పాలు కక్కుతున్నాడు’ అంది తల్లి. కెప్టెన్‌ను వేరే గ్రహానికి బదిలీ చేయాలని అందరూ ముక్తకంఠంతో కోరారు. ముప్పై తొమ్మిది ఉత్తరాలు ఊళ్ళో ఉన్న పోస్టు డబ్బాలన్నింట్లో తలా కొన్ని పడ్డాయి.

గడువు ముగిశాక మేనేజరు గదిలో అందరి ముందూ ఉత్తరాలు విప్పారు. ప్రేమ కావాలన్నవాళ్ళు అరవై ఒక్కరు. వద్దన్నవాళ్ళు అరవై ముగ్గురు.

చప్పుళ్ళాయన పెదవి కదలకుండా లోపల్లోపల పండగ చేసుకున్నాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“సరే అయితే. మూడో వారంలో మెకానిక్కు ఓడ బయట మరమ్మతు చేస్తుంటే తాడు తెగిపోతుంది. కొట్టుకుపోతుంది.”

“మెకానిక్కా?” చప్పుళ్ళాయన గొంతు కీచుమంది. “కెప్టెన్ కదండీ వెళ్ళిపోవాల్సింది?”

“కెప్టెన్ పోతే ఓడ నువ్వు నడుపుతావా?” అంది డాక్టరమ్మ. “పుచ్చింది ఏదో అదే పీకాలి. దవడ పీకనుగా.”

నగారా ఫ్లాస్కు మూత తిప్పుతూ “అయ్యో, వదినగారూ” అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. ఆవిడ మాత్రం “పర్లేదండీ” అని నవ్వి, స్క్రిప్టు అంచులు సరిచేసి మేనేజరు బల్ల మీద పెట్టేసింది. ఇంటికొచ్చి గొంతుకని కాచిన వేణ్ణీళ్ళను తొట్టిలో పారబోసింది. అంతే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టుకున్నవాడు బూడిదను చూసినట్టు, ఆయన ఆ తొట్టి వంక చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు డాక్టరమ్మ నుంచి పిలుపు వచ్చింది. ఆవిడ గదిలో పాత రోగుల కుర్చీ ఇంకా అలాగే ఉంది. అతిథులెవరొచ్చినా అందులోనే కూచోవాలి. చప్పుళ్ళాయన కూచోగానే అది వెనక్కి వాలింది.

“ఒక సందేహం తీర్చవయ్యా” అంది ఆవిడ, ఉత్తరాల కట్ట విప్పుతూ. “ఈ లారీ డ్రైవరు ఏమంటాడంటే... ‘పద్నాలుగో వారంలో రైన్‌కోటు అంతసేపు నలగడం సభ్యత కాదు.’ ఈ జడ్జీగారు చూడు. ‘ఆడపిల్లలున్న ఇళ్ళలో రైన్‌కోటు వినపడకూడదు.’ ఆరుగురు పిల్లల తల్లీ రైన్‌కోటే అంటోంది. మొత్తం పదకొండు ఉత్తరాల్లో రైన్‌కోటు.”

చప్పుళ్ళాయన గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకోబోయి ఆగాడు.

“నా నాటకంలో రైన్‌కోటు ఎక్కడుందయ్యా? రాసినదాన్ని నేను, నాకే కనపడదే! తొమ్మిదో చంద్రుడి మీద వాన కూడా పడదు. మిగతా లోకమంతా కౌగిలింత విన్నది. రైన్‌కోటు విన్నవాడు ఈ ప్రపంచంలో ఒక్కడే.”

వెనక్కి వాలిన కుర్చీలో అబద్ధం చెప్పడం కష్టం. నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

“ఎన్ని?” అంది డాక్టరమ్మ.

“ముప్పై తొమ్మిది.”

“ఓరి నీ ఓర్వలేనితనం కూలా! పళ్ళు కూడా ముప్పై రెండే కదయ్యా!”

ఆవిడ ముప్పై తొమ్మిదీ ఏరి చించి బుట్టలో వేసింది. మేనేజరుతో తానే మాట్లాడతానంది. ప్రేమ సాగుతుంది, మెకానిక్కు ఉంటుంది. “నీ పెళ్ళానికి నేను చెప్పను. చెప్పుకోవలసినవాడివి నువ్వు” అని, బుట్టను కాలితో బల్లకిందికి నెట్టింది.

“కానీ నాకూ ఒక ఇబ్బంది ఉంది. ప్రేమకథలు రెండో భాగంలో ఎందుకు చచ్చిపోతాయో తెలుసా? రాసేవాళ్ళకు మొదటి నాలుగు మాటలే వచ్చు. ‘నువ్వు లేక నేను లేను’, అయిపోయింది. మూడేళ్ళ కాపురం తరవాత ఇద్దరు ఒకే ఓడలో ఏం మాట్లాడుకుంటారో నేనెరగను. నువ్వు చెప్పు.”

చప్పుళ్ళాయన బుర్రలో దీపం వెలిగింది. కుక్కతోక వంకరే కదా. ఉత్తరాలతో చావని ప్రేమను పోట్లాటలతో చంపొచ్చు! కుళాయి, గొళ్ళెం, గురక, మాట మధ్యలో నిద్రపోవడం, ‘ఊఁ’ అనడం, ఇవన్నీ తోకచుక్కల మధ్య పెడితే ఏ శ్రోత గుండె కరుగుతుంది? నగారా నెత్తిన తన సంసారం మొత్తం దిమ్మరించాలనుకున్నాడు. పందొమ్మిదేళ్ళ పోట్లాటలు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ మూడు నోటుపుస్తకాలు నింపింది.

రెండో భాగం మొదటి వారం రికార్డింగు. ఓడలో ప్రాణవాయువు కవాటాన్ని కెప్టెన్ సగం మూసి వదిలేశాడు. చప్పుళ్ళాయన చేతిలో దానికోసం తెచ్చిన ఒక తుప్పు కుళాయి. రికార్డింగు మొదలైందని చెప్పే ఎర్రదీపం వెలిగింది.

“మూస్తే పూర్తిగా మూయి. లేదా నన్ను మూయమని చెప్పు. ఈ సగం సగం ఏమిటి?” అంది మెకానిక్కు.

“ఊఁ” అంది నూతిలో మేఘం.

“ఊఁ అంటే? విన్నాననా, వినలేదనా, వినదలుచుకోలేదనా?”

చప్పుళ్ళాయన తలెత్తాడు. ఆవిడ చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి తప్పులు లెక్కపెడుతోంది. మూడో వేలి దగ్గర కోపంలోనే నవ్వు తన్నుకొచ్చి, దాన్ని మింగి, ఇంకా కోపంగా నాలుగో వేలికి వెళ్ళింది. అచ్చం ఇంట్లో లాగానే. ఆ నవ్వు ఏ స్క్రిప్టులోనూ లేదు. ఆ నవ్వు చూసిన మగాడు ఈ లోకంలో ఇంతవరకూ ఒక్కడే. ఇప్పుడు నగారా నాలుగడుగుల దూరంలో నిలబడి మఫ్లరు సర్దుకుంటూ దాన్ని చూస్తున్నాడు!

‘బోర్లించిన గిన్నె’లూ ఆకాశాలూ ఎవరివో కాగితం మాటలు. పోతే పోయాయి. ఈ పోట్లాట తనది. పదును తగ్గకుండా పందొమ్మిదేళ్ళు సానపెట్టుకున్నది. తన చేతులతోనే తీసుకెళ్ళి కెప్టెన్‌కు అరువిచ్చాడు.

అంతటితో అయిందా? డాక్టరమ్మ చివర్లో ఒక వాక్యం సొంతంగా చేర్చింది. నగారా కాగితం దించి, నెమ్మదిగా అన్నాడు: “తప్పు నాదే. మళ్ళీ మొదటినుంచి చెప్పు. ఈసారి వింటాను.”

ఆవిడ కళ్ళు చెమర్చాయి.

ఇంకొకడు తన తరఫున తన పెళ్ళానికి క్షమాపణ చెప్పుకున్నాడు! తనకంటే ముందు! చప్పుళ్ళాయన చేతిలో కుళాయి తిరగలేదు. కవాటం మూసుకోలేదు. అద్దం అవతల నుంచి మేనేజరు “ఏమయ్యా, గాలి పోతోంది, ఓడలో అందరూ చచ్చారు!” అని అరిచాడు.

ఇంటికి నడిచి వెళ్తుంటే, చెప్పుల అంగడి దాటాక ఆయన నోరు విప్పాడు.

“ఆ ఉత్తరాలు... వద్దన్నవి... నేనే రాశాను.”

ఆవిడ ఆగింది. “ఎన్ని?”

“ముప్పై తొమ్మిది.”

“నన్ను ఓడలోంచి తోసెయ్యమనా?”

“నిన్ను కాదే. వాణ్ణి. వాడితో నువ్వు మాట్లాడుతుంటే నాకు... ఇక్కడ...” గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. చప్పుళ్ళాయన జీవితంలో మొదటిసారి తగిన చప్పుడు దొరకలేదు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. “ముప్పై తొమ్మిది ఉత్తరాలు! పెళ్ళయినప్పటి నుంచీ నాకెన్ని రాశారు?”

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి, చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

“పదకొండేళ్ళు గుంపులో మూడో ఆడదాన్నండీ నేను. మీకు అదే బాగుంది కాబోలు.” నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. “మన ఇంటి గొడవలు కెప్టెన్‌కు చెప్పింది కూడా మీరేగా? సంతోషం. ఇక పోట్లాడాల్సినవన్నీ అతనితోనే పోట్లాడతాను. మీతో పోట్లాడను.”

అన్నమాట నిలబెట్టుకుంది. మర్నాటినుంచి ఇల్లు పూజగదిలా ప్రశాంతంగా ఉంది. కుళాయి సగం కడితే తానే వెళ్ళి పూర్తిగా కట్టింది. ఆయన తడి తువాలు కావాలనే కుర్చీ మీద వేశాడు. “పర్లేదండీ, ఆరుతుంది” అంది. గొళ్ళెం పెట్టలేదు. “పర్లేదండీ, దొంగలకు మాత్రం మనింట్లో ఏముంది” అంది. పక్కింటావిడ “మీ ఆయన్ని ఏం చేశావమ్మా, ఇద్దరూ ఇంత సఖ్యంగా ఉన్నారు, మాకూ చెప్పు” అని అడిగింది.

రికార్డింగు రోజుల్లో మాత్రం స్టేషన్‌లో ఆవిడ విశ్వరూపం చూపించేది. వేళ్ళు లెక్కపెట్టేది, కళ్ళు ఉరిమేది, మూడో వేలి దగ్గర నవ్వేది. అంతా నగారాతో. ఊరు ఊరంతా వెర్రెత్తిపోయింది. మొదటి భాగం కన్నా ఉత్తరాలు రెట్టింపు వచ్చాయి. ‘ప్రేమంటే ఇదే’ అన్నారు జనం. నాలుగడుగుల దూరంలో చప్పుళ్ళాయన కంకరలో బూట్లు తొక్కుతూ, ఆ బూట్ల కింద ఎవరున్నారని ఊహించుకునేవాడో చెప్పనక్కరలేదు.

ఎనిమిదో వారానికి డాక్టరమ్మ మళ్ళీ కుర్చీలో కూచోబెట్టింది.

“నోటుపుస్తకాలు అయిపోయాయి. కొత్త సరుకు ఏదీ?”

“లేదమ్మా. మా ఇంట్లో ఇప్పుడు పోట్లాటలు లేవు.”

“లేకపోవడమేమిటి? రోగమా? అయితే నా కథా అయిపోయింది. పై నెలలో ముగించేస్తాను. మెకానిక్కు తాడు తెంపక తప్పదు.”

చప్పుళ్ళాయన ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆవిడ కిటికీ దగ్గర స్క్రిప్టు వల్లె వేసుకుంటోంది. ఆయన ఆయాసపడుతూ ఉన్నదంతా చెప్పాడు.

“అందుకని... ఏదో ఒకటి అను. తువాలు గురించి అను. నీ వేషం నిలబడాలంటే మనం పోట్లాడుకోవాలి.”

ఆవిడ కాగితాలు పక్కన పెట్టింది.

“ఏమిటీ? నా వేషం కోసం మీతో పోట్లాడాలా?”

“అంటే...”

“అంటే నామీద దయ తలిచి తిట్లు తింటారన్నమాట! ఎంత త్యాగం!” చిటికెన వేలు లేచింది. “ఒకటి. ఉత్తరాలు రాసి నా నోరు నొక్కారు. రెండు. నా కాపురాన్ని మూడు నోటుపుస్తకాలకు ఎక్కించారు, నన్నొక మాట అడిగారా? నేనేమైనా అంగట్లో బియ్యమా? మూడు. ఎనిమిది వారాలు నోరు మూసుకు కూచుంటే, ‘ఎందుకే మాట్లాడవు?’ అని అడగడానికి నోరు రాలేదు, తడి తువాలు వేశారు కుర్చీ మీద! తువాలు! ఏం మనిషండీ మీరు...”

అక్కడ నవ్వొచ్చింది. మింగింది. అది దిగలేదు. నవ్వుతోబాటు కళ్ళనీళ్ళూ వచ్చాయి.

“నేను భయపడ్డాను” అన్నాడు చప్పుళ్ళాయన. “అతనితో అన్నట్టు నాతో ఏదీ అనవని. తర్వాత, పోట్లాట కూడా నాకు మిగలదని.”

“ఆ మాట ముందే చెబితే మీ సొమ్మేం పోయింది?”

“ఏమీ పోదు. ఇప్పుడు చెబుతున్నా. నాలుగోది కూడా అను. వింటాను.”

నాలుగోదానికి చాలాసేపు పట్టింది. ఆరోదాకా వెళ్ళింది. ఆయన ఒక్కసారి కూడా ‘ఊఁ’ అనలేదు.

మర్నాడు డాక్టరమ్మ “దొరికిందా?” అని అడిగితే, “దొరక్కేం!” అని ఒక పోట్లాట చెప్పాడు. ఓడ నిద్రగదిలో ఎవరి తల ఎటు పెట్టుకోవాలనేది మొదలై, పైనా కిందా లేని ఆకాశంలో తలవైపేది కాళ్ళవైపేది అనే దాకా సాగి, చివరికి ఇద్దరూ గోడకు అంటుకుని నిలువునా నిద్రపోయిన తగువు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా పచ్చి కల్పన. డాక్టరమ్మ నవ్వలేక దవడ పట్టుకుంది. “నిజంగా జరిగిందా?” అంటే, “మా అత్తగారే సాక్షి” అన్నాడు. ఆ తరవాత వారానికొకటి చొప్పున అలాంటివే అల్లుతూ పోయాడు. మెకానిక్కు తాడు తెగలేదు.

ఆ నిద్రగది వారం రికార్డింగుకు ముందు ఆవిడ స్క్రిప్టు అటూ ఇటూ తిప్పి చూసింది. కాగితాలతోనే రెండో మైకు దగ్గరికి వచ్చింది.

“ఇది మనింట్లో ఎప్పుడు జరిగిందండీ?”

“జరగలేదు.”

“మరి మొన్నటిదో?”

“అది ఇవ్వలేదు” అన్నాడు చప్పుళ్ళాయన, కుళాయి వంక చూస్తూ. “అది నాది. వాడికివ్వను.”

“మీకు సిగ్గులేదు” అంది ఆవిడ, చాలా మెల్లిగా.

మొదటి మైకు దగ్గర నగారా ఫ్లాస్కు మూత పెట్టి చెవి రిక్కించాడు. “ఏమిటి వదినగారూ? ఏదైనా మాట మారిందా?”

“మీది కాదు లెండి” అంది ఆవిడ వెనక్కి వెళుతూ. “ఇది మా ఇంటిది.”

ఎర్రదీపం వెలిగింది.